యాదవ్వ కొట్టంలో మొదటి గుంజ

యాదవ్వ సాధించిన మొదటి గెలుపు వామన్‌రావుగారింటి పాలవాడిక. అది 1973వ సంవత్సరం. ఆమెకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆబిడ్స్ సందులో ఉండే వామన్‌రావుగారు సర్కారు దఫ్తరులో గుమాస్తా. ఆయన భార్య ప్రభావతమ్మ అప్పటికే నలుగురు పాలవాళ్ళను మాన్పించి ఉన్నది. ఐదో మనిషిగా గుమ్మంలో నిలబడ్డ యాదవ్వను కింది నుంచి మీది దాకా చూసి, "నువ్వు గూడ నల్లా కాడ ఆగి, నీళ్ళు కలుపుకొనే వచ్చినవా?" అని అడిగింది.

యాదవ్వ మర్నాడు పొద్దున బర్రెనే తోలుకొచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీ నుంచి ఆబిడ్స్ దాకా, రిక్షాల నడుమ, సైకిళ్ళ నడుమ, ముందు బర్రె, వెనక దుడ్డె, వాటి వెనక చెంబుతో ఆమె. గుమ్మం ముందే పిండి, నురుగు చల్లారకముందే గిన్నెలో పోసింది. ఇట్లా ఇరవై మూడు రోజులు. ఇరవై నాలుగోనాడు ప్రభావతమ్మే చేతులు జోడించింది.

"రేపటి సంది బర్రెను తేకు తల్లీ, పాలు తెస్తే చాలు. మెట్ల మీద పేడ ఎత్తలేక నా నడుం పడిపోయింది."

ఆ వాడికకు ఇప్పుడు యాభై రెండేళ్ళు. వామన్‌రావుగారు పోయారు. ప్రభావతమ్మకు ఎనభై దాటాయి. పాలు మాత్రం ఒక్క పూటా తప్పలేదు.

ఆ పాలు వచ్చే బర్రెల కొట్టం కథ యాదవ్వ కంటే ముందే మొదలైంది. మామ బిచ్చయ్య మెదక్ దిక్కు నుంచి రెండు బర్రెలను తోలుకుని, మూడు రోజులు నడిచి పట్నం చేరాడు. నాంపల్లిలో కిరాయి జాగాలో గుంజలు పాతాడు. ఆయన కొడుకు మొగులయ్య, అంటే యాదవ్వ పెనిమిటి, రెంటిని ఇరవై నాలుగు చేశాడు. సుల్తాన్ బజార్ మిఠాయి దుకాణాలకూ, కోఠి చాయ్ హోటళ్ళకూ వీళ్ళ పాలే. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో పోలీసులను బతిమాలి గల్లీ గల్లీకీ పసిపిల్లల పాలు చేర్చింది యాదవ్వ. రెండువేల సంవత్సరం వానల్లో నడుం లోతు నీళ్ళలో బర్రెలను ఒక్కొక్కటిగా గడ్డకు చేర్చిందీ ఆమే. మొగులయ్య పోయాక కొట్టం మూతపడుతుందని గల్లీ అంతా అనుకుంది. మూతపడలేదు. కొడుకు సురేందర్‌ను బీకాం చదివించింది. పొదుగు ముట్టుకోవడానికి జంకిన కోడలు జమునకు నెల రోజుల్లో పాలు పిండటం నేర్పింది. నాంపల్లిలో ఇన్ని చేసిన ఆడమనిషి ఇంకొకరు ఉంటే చూపించమనండి.

మొన్న అక్టోబర్‌లో జాగా యజమాని స్థలం ఖాళీ చేయమన్నాడు. పద్ధతిగానే అడిగాడు, నెల గడువూ ఇచ్చాడు. సురేందర్ శంకర్‌పల్లి అవతల ఒక షెడ్డు మాట్లాడి, ఇప్పటికి మిగిలిన తొమ్మిదిట్లో ఎనిమిది బర్రెలను డీసీఎం లారీలో ఎక్కించి తీసుకుపోయాడు. మోకాళ్ళ నొప్పులని తల్లిని నాంపల్లిలోని రెండు గదుల ఇంట్లోనే ఉంచాడు. ముసలిదై మూడేళ్ళుగా వట్టిపోయిన గంగిని కూడా ఆ ఇంటి వాకిట్లో కట్టి ఆమెకు తోడుగా వదిలిపెట్టాడు.

వారం తిరక్కుండా కబురు వచ్చింది. బర్రెలు చేపడం లేదు. దుడ్డెలను విడిచినా, ఎంత నిమిరినా పొదుగులోకి పాలు దిగడం లేదు. బిందె నింపే బర్రె చెంబెడు ఇచ్చి కాలు ఝాడిస్తోంది.

"పత్తిచెక్క మార్చినవా?" యాదవ్వ కొడుకును ఫోన్‌లో అడిగింది.

"అదే చెక్క, అదే తవుడు. నీళ్ళు గూడ మంచియే. డాక్టర్ వచ్చి చూసిండు, రోగం లేదన్నడు."

"పిండేదెవరు?"

"జమునే. నీ కోడలు చేతులు మార్చుకుంటదా?"

యాదవ్వకు దిగులు కన్నా ముందు ఆశ్చర్యం పుట్టింది. అవే బర్రెలు, అదే మేత, అదే చెయ్యి. మరి పాలు ఎక్కడ ఆగాయి? పైసలు లేకపోతే తెచ్చుకోవచ్చు, కారణం తెలియకపోతే ఆమెకు ముద్ద దిగదు.

సురేందర్ మాత్రం విసిగిపోయాడు. "అమ్మా, ఇగ నాతోని గాదు. ఆదివారం బేరగాడు వస్తుండు. ఎనిమిదిటినీ అమ్మేస్త."

బిచ్చయ్య నడిపించుకొచ్చిన బర్రె సంతతి ఆదివారంతో ఆగిపోతుంది. ఆ రోజు బుధవారం.

గురువారం తెల్లవారి, పిండే వేళకు వీడియో కాల్ పెట్టమని యాదవ్వ జమునను అడిగింది. జమున ఫోన్‌ను గోడకు ఆనించి కూచుంది. ఈ ముసలావిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, బర్రెల పొదుగులను కాదు, వాటి ముఖాలను చూసింది.

"జమునా, అవన్ని ఎటు జూస్తున్నయే?"

"ఎటు జూస్తయ్ అత్తమ్మా... ఎడమ దిక్కు. గేటుందిగద."

"గేటు కాడ ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు."

ఎనిమిది మెడలూ ఎడమకే తిరిగి ఉన్నాయి. ఆమె ఆ రోజంతా దాని గురించే ఆలోచించింది. శుక్రవారం పొద్దున అలవాటు ప్రకారం గంగి దగ్గరకు వెళ్ళింది. పొదుగు కడిగింది, ఖాళీ బకెట్ పెట్టి రెండు నిమిషాలు కూచుంది. పాలివ్వని బర్రె కింద రోజూ కూచునే ఈ ఆచారం ఆమె అత్త నేర్పింది. పెద్దదానికి ముందు మర్యాద చేసి, తర్వాతే మిగతావాటి దగ్గరకు పోవాలని. ఎందుకని అత్త చెప్పలేదు, ఈమె అడగలేదు. నాంపల్లి కొట్టంలో గంగిది ఎడమ చివరి మొదటి గుంజ. యాదవ్వ దాని కింద నుంచి లేచాకే జమున రెండో బర్రె దగ్గర కూచునేది.

యాదవ్వ బకెట్ అక్కడే వదిలేసి ఫోన్ అందుకుంది.

"సురేందర్, గాడ మొదటి గుంజకు ఏది కట్టినవ్‌రా?"

"ఎక్కువ పాలిచ్చేదాన్ని. ఏం?"

"డీసీఎం పంపు. గంగిని తీస్కొని నేనొస్తున్న."

"పాలియ్యని బర్రెకు డీసీఎంల టూరా? బేరగాడు వింటే నవ్వుతడమ్మా."

"నవ్వనియ్. నవ్వినంక అడుగుదాం, ఎందుకు నవ్విండో."

ఆ మధ్యాహ్నం గల్లీ అంతా చూస్తుండగా గంగి వెనకా, యాదవ్వ డ్రైవర్ పక్కనా కూచుని బయలుదేరారు. "పెండ్లి పిల్లనా యాదక్కా?" అని పక్కింటి స్నేహలత కేకేసింది. "మరి నువ్వు కట్నం తేలేదేంది!" అని ఈమె తిప్పికొట్టింది.

శనివారం తెల్లవారింది. ఎడమ చివరి గుంజకు గంగిని కట్టారు. యాదవ్వ పొదుగు కడిగి, బకెట్ పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ కూచుంది. గంగి మెల్లగా నెమరు వేసింది. ఎనిమిది మెడలు దాన్నే చూశాయి. రెండు నిమిషాల తర్వాత యాదవ్వ లేచింది. జమున రెండోదాని కింద చెయ్యి పెట్టిందో లేదో, కెవ్వున అరిచింది.

"అత్తమ్మా, చేపింది! చేపింది!"

నాలుగోదాని దగ్గరకు వచ్చేసరికి సురేందర్ బయటికి నడిచి బేరగాడికి ఫోన్ చేశాడు. "రావద్దు భాయ్. ఔ, పక్కా. మా అమ్మ వచ్చింది" అన్నాడు. లోపలికి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర గుండె మీది బరువు దిగినవాడిలా చతికిలబడ్డాడు. మొదటి రోజే పాలన్నీ తిరిగి రాలేదు. పదిరోజులు ఆగిన పొదుగు అంత తొందరగా నిండదు. కానీ రోజురోజుకూ పెరిగాయి.

యాదవ్వకు ఇంకో సందేహం మొదలైంది. గంగికి ఇరవై ఏళ్ళు. రేపు అది లేకపోతే? అందుకని రెండో బర్రె రాములమ్మను రోజుకు కొంతసేపు మొదటి గుంజకు కడుతోంది. మిగతావి ఎన్నాళ్ళకు ఒప్పుకుంటాయి, ఏది ముందు ఒప్పుకుంటుంది, ఏది మొండికేస్తుంది? జమునకు ప్రతి పూటా చూపించి చెబుతోంది. ఇది తెలుసుకోకుండా షెడ్డు దాటి రానని సురేందర్‌కు తేల్చేసింది. పైగా ఎనిమిదిట్లో చూడిగా ఉన్న చిన్న బర్రె డిసెంబర్ రెండో వారంలో ఈనేది ఉంది.

ఆబిడ్స్ నుంచి ప్రభావతమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. సురేందర్ పంపే పాలు మంచివేనట, కానీ తెచ్చే డ్రైవర్‌తో కొట్లాడితే మజా రావడం లేదట.

"ఇంతకు నువ్వెప్పుడొస్తవే?"

"రాములమ్మ కుదురుకోవాలె, చిన్నది ఈనాలె, మీకు జున్నుపాలు పట్టుకోవాలె. గప్పుడు."

"తారీకు చెప్పు. క్యాలెండర్ల సున్న చుట్టుకుంట."

యాదవ్వ వేళ్ళు మడిచి లెక్క చూసి చెప్పింది. డిసెంబర్ 14, ఆదివారం.