ఇసుక నిండుకుంది

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మా పల్లెలో ఆడవాళ్ళకు పెట్టిన వయోజన తరగతిలో, మగవాణ్ణి నేనొక్కణ్ణే, వెనక గోడకు ఆనుకుని కూర్చుని నేర్చుకున్నాను. నవ్వినవాళ్ళను నవ్వనిచ్చాను. ఇది రాస్తున్నది ఆ చదువుతోనే.

మా ఊరికి ఎదురుగా, బోటు మీద ముప్పావుగంట దూరంలో, సముద్రంలో ఒక ఇనుప కంబం నిలబెట్టారు. అక్కడ గాలిమరలు పెట్టాలని వాళ్ళ ఆలోచన. అంతకుముందు గాలి ఎంత వీస్తుందో కొలవడానికి ఈ కంబం. అడుగున ఇసుకలోకి దిగగొట్టిన లావుపాటి గొట్టం, దాని మీద అరుగు, అరుగు మీద తాడిచెట్లకు మించిన ఎత్తున కంబం. దాని బాగోగులు చూసే కాంట్రాక్టు కంపెనీకి ఒడ్డున సూపర్‌వైజరు మా అక్క కొడుకు. బోటు నడపడానికి, వారానికోసారి కంబాన్ని పరీక్షించి రావడానికి నన్ను పెట్టించింది వాడే.

పని కష్టమైనది కాదు, కానీ కళ్ళు తెరుచుకుని చెయ్యాలి. ప్రతి బోల్టు మీదా తెల్ల రంగుతో ఒక గీత ఉంటుంది. గీత పక్కకు జరిగిందంటే బోల్టు వదులైనట్టు. అతుకుల దగ్గర తుప్పు చూడాలి. గొట్టాన్ని సుత్తితో కొట్టి చప్పుడు వినాలి. అన్నిటికంటే ముఖ్యం పాదం. నీళ్ళు గొట్టానికి తగిలి సుడి తిరిగి, కింద ఇసుకను తోడేస్తాయి. లోతు చూసే మిషను చెడిపోయి రిపేరుకని నెల్లూరు పోయింది, మళ్ళీ రాలేదు. నేను సీసపు గుండు కట్టిన తాడు నాలుగు పక్కలా వదిలి, చేతులు చాచి బారల్లో కొలిచేవాణ్ణి.

ఆ బారల లెక్క కంపెనీ కాగితాల్లో చెల్లదని, చూసింది మాటల్లో రాయమని మేనల్లుడు ఒక పుస్తకం ఇచ్చాడు. "నువ్వు మాట్లాడేటట్టే రాయి మావా. ఇంగ్లీషులోకి మార్చి నేను పంపిస్తాలే" అన్నాడు. నా రాత ఒకరికి పనికొస్తుందంటే ఛాతీ పొంగింది. అబద్ధం చెప్పను.

కార్తీకంలో తుఫాను వచ్చి పోయాక, దక్షిణం పక్క గుండు వదిలితే తాడు దిగుతూనే ఉంది. ఒక బార ఎక్కువ పోయింది. మరుసటి వారం రెండు బారలు. పుస్తకంలో రాశాను: "దక్షిణం పక్క ఇసుక నిండుకుంది."

మా పల్లెలో బోటు మీద ఉండగా 'లేదు', 'అయిపోయింది' అనే మాటలు అనం, అపశకునమని. మంచినీళ్ళు అయిపోతే నిండుకున్నాయంటాం. డీజిలు అయిపోయినా అంతే. ఇంట్లో ఆడవాళ్ళు బియ్యానికి, ఉప్పుకు అన్నట్టే. కంబం పాదం దగ్గర ఇసుక పోయింది అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నోటికి వచ్చినట్టే రాశాను.

రాయడంతో ఊరుకోలేదు. మేనల్లుడికి నోటితోనూ చెప్పాను, పాదం బయటపడుతోంది, బండరాళ్ళు తెచ్చి పోయించమని. నాలుగు రోజుల తర్వాత ఇద్దరు టెక్నీషియన్లు పైకెక్కి మిషన్లు మార్చాలని వచ్చారు. బోటు తియ్యనన్నాను.

"పైవాళ్ళకి అంతా చెప్పినా మావా. రాళ్ళ బార్జి వస్తా ఉండాది. అందాకా ఎక్కినా పర్లేదన్నారు" అన్నాడు వాడు.

నమ్మాను. నా చేతుల్లో పెరిగినవాడు.

ఆ పూట గాలి పెద్దగా లేదు. ఇద్దరిలో ఒకతను సగానికి పైన ఉండగా కంబం ఒరిగింది. పడిపోలేదు, ఒక మనిషి కాలు మార్చి నిలబడినట్టు ఒక పక్కకు వాలింది. అతను నిచ్చెన మీంచి జారాడు. నడుముకున్న బెల్టు పట్టుకుంది కానీ, ఊగి ఇనుపకడ్డీకి కొట్టుకుని తొడ ఎముక విరిగింది. రెండోవాడూ నేనూ కలిసి దించాం. ఒడ్డు చేరేదాకా అతను నా చొక్కా వదల్లేదు.

విచారణ కావలిలో జరిగింది. హైదరాబాదు నుంచి పెద్ద ఇంజినీరు వచ్చాడు. తెలుగాయనే. నా పుస్తకం తీసి చదివి, "నిండుకుంది అంటే నిండిందనే కదా? అక్కడ గుంత పడి ఉంటే, ఇసుక బాగా చేరిందని రాసి మనుషుల్ని ఎలా ఎక్కించారు?" అని అడిగాడు. మేనల్లుడు పంపిన ఇంగ్లీషు కాగితంలోనూ ఇసుక నిండిందనే ఉందట. రాళ్ళ సంగతి ఎక్కడా లేదట. రాళ్ళు పోసేదాకా పని ఆపితే కాంట్రాక్టు పొడిగించరని, ఆ గదిలోనే నాకు తెలిసింది.

నేను ఇంజినీరు వైపు కాక, పక్కనే కూర్చున్న మేనల్లుడి వైపు చూశాను. "ఆ మాటకి అర్థం నీకు తెలుసు గదా అబ్బయా" అన్నాను.

"నాకెట్టా తెలుస్తాది మావా? నువ్వు రాసిందే నేను పంపినా" అని, ఇంజినీరు వైపు తిరిగి, "మా మావ చదువు లేటుగా నేర్చుకున్నాడు సార్. మాటలు అటూ ఇటూ అవతాయి" అన్నాడు. ఎంతో జాలిగా అన్నాడు.

వాడికి ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న సముద్రంలో పోయాడు. మా అక్క గిన్నె ఇచ్చి పంపితే, మా గుమ్మంలో నిలబడి, "అత్తా, బియ్యం నిండుకున్నాయంట" అనేవాడు. ఒకసారి రెండుసార్లు కాదు, ఏళ్ళ తరబడి. ఆ మాట పల్లెలో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అదే అక్కడ చెప్పాల్సింది. చెబితే మా అక్క ఖాళీ గిన్నెను ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు పెట్టినట్టు. తప్పు నాదని రాసుకున్నారు. పనిలోంచి తీసేశారు.

పని పోయినందుకు బాధ లేదు, వలలు ఉన్నాయి. కాలు విరిగినతను నా గురించి ఏమనుకుంటున్నాడో అన్నదే నన్ను తిననివ్వలేదు. నెల్లూరు ఆసుపత్రికి వెళ్ళాను. అతనిది వెంకటాచలం దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నన్ను చూసి మొహం గోడకు తిప్పుకున్నాడు.

"బాగుందని రాసినావంట గదా పెద్దాయనా. మరి ఆరోజు బోటు తియ్యనని ఎందుకు పేచీ పెట్టినావు?" అన్నాడు.

రాసిన మాట చెప్పాను. అతను జవాబు చెప్పేలోపే, మంచం పక్కన ఉన్న అతని భార్య, "ఇసుక అయిపోయిందనా? మా ఇంట్లోనూ అట్టే గదా అంటాం" అంది. అతను ఇటు తిరిగాడు.

"మరి మీ మేనల్లుడికి తెలీదా?"

"తెలిసే చేసినాడు" అన్నాను.

అది కాగితం మీద పెట్టమన్నాడు. ఎక్స్‌రే కవరు చించి ఇచ్చారు. గుండు ఎంత దిగిందో, రాళ్ళు ఎప్పుడు అడిగానో, బార్జి వస్తోందని నాతో ఎవరన్నారో రాశాను. గిన్నె సంగతీ రాశాను. నా అక్షరాలు పెద్దవి, ఒక పక్క చాలలేదు. నర్సు రెండుసార్లు వచ్చి పోయేదాకా రాస్తూనే ఉన్నాను. కింద సంతకం పెట్టాను.

అతను దాన్ని కంపెనీకి పంపించాడు. వాళ్ళు మళ్ళీ విచారిస్తామన్నారు. విషయం పల్లెకు చేరడానికి రెండు రోజులు పట్టలేదు. మా అక్క నన్ను ఒక్కటే అడిగింది, రాసేటప్పుడు నా చెయ్యి ఎట్టా ఆడిందని. ఆడింది, రాశాను అన్నాను. అప్పటినుంచి మాటల్లేవు. కొడుకు పక్కన నిలబడింది, తల్లి కాబట్టి. ఆమెను తప్పు పట్టను. వాణ్ణి తప్పు పడతాను, బతికున్నంత కాలం.