శనివారం అరటిపండ్లు

మా కాలనీ గ్రూపు నాకంటె ముందే లేస్తది. నేనింకా మొకం కడుక్కోకముందే గులాబీపూలు, పొద్దుపొడుపులు, పొగలు కక్కే చాయ కప్పులు ఫోనంత నిండుతయి. ఆ తర్వాత అసలు వార్తలు. "కరెంటు పోయింది, మీకు కూడ పోయిందా?" అని ఒకాయన పెడతడు. "మాకూ పోయింది" అని పక్కింటాయన పెడతడు. ఇద్దరికీ నడుమ గోడ ఒక్కటే. తలకాయ బయటికి పెట్టి అడిగితె అయిపోయే ముచ్చట. చెత్త బండి వచ్చిందా, నల్లా ఎప్పుడొస్తది, ఎవరి కారు ఎవరి గేటుకు అడ్డం పెట్టిన్రు, పొద్దంత ఇదే లొల్లి. సూర్యాపేటల ఇంతమంది చదువుకున్నోళ్ళు ఒక్క వీధిల ఎట్ల జమైన్రో అని నాకు అప్పుడప్పుడు ఆశ్చర్యమైతది.

ఆ గ్రూపుల ఇంటి ఓనర్లే ఉండాలె. కిరాయోళ్ళకు చోటు లేదు. మా ఆయన ఇల్లు నా పేరు మీద రాయించిండు కాబట్టి నన్ను చేర్చుకోక తప్పలే. చేర్చుకున్నంక బాధపడ్డరని కూడ నాకు తెలుసు. నేను పూలు పెట్టను, పెట్టిన పూలకు దండం పెట్టను, నోరు మాత్రం ఊకోదు.

మా ఎదురింటి స్లాబు మీద ఒక్కటే రూము. అందుల తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చిన ఒకామె కిరాయికుండె. నాకంటె చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తది. ఆమె మొగడు సిమెంటు పనికి పోయి నడుము పోగొట్టుకొని మంచంల పడ్డడు. ఇల్లు నడిచేది ఆమె రెండు చేతుల మీదనే. ఎండలు ముదిరినయంటే స్లాబు మీద పాత చీరలు పరిచి వడియాలు పెడతది, అప్పడాలు ఒత్తుతది, సల్లమిరపకాయలు ఎండబోస్తది. సరుకంత కోదాడల ఒక కిరాణం షాపాయన తీసుకుంటడు. ఎండకాలంల ఎంత ఎండితె అంతే, దాని మీదనే వాళ్ళు ఏడాదంత బతకాలె. "ఊర్ల బోరు ఎండిపోయినంక చెలక ఇడిసిపెట్టొచ్చిన అక్కా, ఇగ నాకు గీ స్లాబే చెలక" అంటుండె.

ఆ స్లాబు మీదికి కోతులు రావట్టినయి. అవి వాటంతట అవి రాలే, మావోళ్ళు పిలిస్తె వచ్చినయి.

మా కాలనీకి ఒక ప్రెసిడెంటు సారు ఉన్నడు. రిటైరైన ఆఫీసరు. ఏ ఆఫీసు అని అడగొద్దు, అడిగినప్పుడల్ల ఒక మెట్టు పెద్దది చెప్తడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులుండె. డాక్టరు రాసిన గోలీలు మింగిండు, ఆంజనేయస్వామికి మొక్కిండు. నొప్పులు తగ్గినయి. గోలీల సంగతి మరిచిపోయిండు, మొక్కు మాత్రం యాదికున్నది. శనివారం పొద్దుగాల తన కాంపౌండు గోడ మీద అరటిపండ్లు వరసగ పెట్టి, కోతి వచ్చి తీసుకుంటుంటె దండం పెట్టి ఫోటో దిగి గ్రూపుల పెట్టిండు. ఇగ చూడాలె! ఆయన పండ్లు పెడితె పక్కింటోళ్ళు కొబ్బరిముక్కలు, వాళ్ళు కొబ్బరి పెడితె ఆ పక్కోళ్ళు నానబెట్టిన శెనగలు. గోడలన్నీ కల్యాణ మండపం టేబుళ్ళ లెక్క నిండిపోవట్టినయి. శనివారం చేతులు జోడించిన మనుషులే ఆదివారం కట్టెలు పట్టుకొని ఉరుకుతరు. "కోతులు మా ఫ్రిజ్ తెరిచినయి, మా డిష్ వైరు పీకినయి, మున్సిపాలిటీ నిద్రపోతున్నదా?" అని గ్రూపుల మొత్తుకుంటరు. మళ్ళ శనివారం వస్తది. మళ్ళ అరటిపండ్లు వస్తయి. వీళ్ళకు మెదడు ఉన్నదా లేదా అని మా ఆయనను అడిగిన. "నీకెందుకే, ఊకో" అన్నడు. ఆయన అన్నిటికీ అదే అంటడు.

పండ్లు అయిపోయినంక కోతులకు ఎదురుగ కనపడేది ఆ స్లాబే. ఒకరోజు ఆమె నీళ్ళ బిందె కోసం కిందికి దిగి పైకెక్కేలోపల వడియాలు సగం కడుపులల్ల పడ్డయి, సగం వీధిల పడ్డయి. నేను వాకిలి ఊడుస్తున్న. ఆమె వచ్చి నా పక్కన కూలబడ్డది. ఏడుపు ఆపుకొని అడిగింది.

"అక్కా, నువ్వు గ్రూపుల ఉన్నవు గదా. జర చెప్పరాదు? పండ్లు పెట్టొద్దంటలేను, ఎండకాలం అయిపోయేదాంక ఆగుమను. లేకపోతె ఊరి బయట గుట్టకాడ పెట్టుమను. దేవుడు గాడ కూడ తింటడు గదా."

ఇంత చక్కటి మాట ఆ గ్రూపుల ఎన్నడూ పడలే. అట్లనే రాసి పెట్టిన. ఇగ మొదలైనయి జవాబులు. "దేవుని విషయంలో రాజకీయాలు వద్దు" అని ఒకాయన. "సంప్రదాయాన్ని కించపరచడం ఫ్యాషనైపోయింది" అని ఇంకొకాయన. కడకు ప్రెసిడెంటు సారు అచ్చమైన పుస్తకం భాషల తీర్పిచ్చిండు: "సభ్యులకు విజ్ఞప్తి. బహిరంగముగా తినుబండారములు ఎండబెట్టుట వలననే వానరములు ఆకర్షితమగుచున్నవి." దాని కింద చప్పట్లే చప్పట్లు. గోడల నిండ అరటిపండ్లు పెట్టినోళ్ళ తప్పు లేదంట. బతుకుదెరువుకు వడియాలు పెట్టినామెదే తప్పంట!

ఆదివారం మీటింగు పెట్టిన్రు. నేను ఆమెను ఎంటబెట్టుకొని పోయిన. "కిరాయిదార్లకు మాట్లాడే హక్కు లేదమ్మా" అన్నడు సారు, కుర్చీల వెనకకు ఒరిగి. "మాట్లాడను సార్, దండమే పెడత" అని ఆమె చేతులు జోడించింది. "నా స్లాబు నాకుంటె చాలు." ఎవ్వరూ ఆమె దిక్కు చూడలే. కోతులను పట్టిచ్చి సాగర్ అడవిల ఇడిసిరావాలె అని ఒకాయన అన్నడు. పాపం, అడవిల శనివారం వాటికి పండ్లెవరు పెడతరు అని ఇంకొకాయనకు దిగులు. చానసేపు కొట్లాడి కొట్లాడి తేల్చింది ఏందంటే, కోతులు కొండముచ్చుకు భయపడతయి కాబట్టి కొండముచ్చు బొమ్మతోని పెద్ద ఫ్లెక్సీ కట్టాలె.

ఫ్లెక్సీ అంటే మావోళ్ళకు ప్రాణం. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, చచ్చినరోజుకు ఫ్లెక్సీ, బోరుల నీళ్ళు పడితె ఫ్లెక్సీ. ఇది కూడ అట్లనే తయారైంది. నడుమ కొండముచ్చు ఉన్నమాట నిజమే, వెతికితె కనపడతది. దాని పక్కన ప్రెసిడెంటు సారు చేతులు జోడించి నిలువెత్తు ఉన్నడు. కింద వరసగ సెక్రెటరీ, ట్రెజరర్, కార్యవర్గమంత గుండ్రాలల్ల నవ్వుకుంట. పైన "కాలనీవాసులకు వానర విముక్తి శుభాకాంక్షలు" అని రాసిన్రు. ఎవరిని చూసి ఎవరు భయపడాల్నో కోతులకు అర్థమైతదా చెప్పున్రి! దాన్ని తీసుకపోయి ఎక్కడ కట్టిన్రు? అందరికీ కనపడాలని ఆమె స్లాబు పిట్టగోడకే. తూర్పు దిక్కు. పొద్దటి ఎండంత దానికే తగిలి, నీడంత వడియాల మీద పడ్డది.

కోతులు రెండుమూడు రోజులు దూరం కూసోని చూసినయి. శనివారం మళ్ళ అరటిపండ్లు పెట్టిన్రు. పండ్లు తిన్న కోతులు ఫ్లెక్సీ ఎక్కి ఉయ్యాలలూగినయి, గోర్లతోని చింపినయి. ఆ గుంపుల ఒక పిల్లకోతికి ప్రెసిడెంటు సారు ముక్కే నచ్చింది. నేను అరుగు మీద కూసోని కడుపుబ్బ నవ్విన.

ఆ నవ్వు ఎక్కువసేపు మిగల్లే. సారు మొకం చింపింది కోతులు కాదంట, ఆ కిరాయామెనే ఎండ కోసం చింపిందంట! గ్రూపుల ఎవరో అన్నరు, మిగిలినోళ్ళంత అవునన్నరు. నా కండ్లతోని చూసిన అని నేను రాసిన. ఒక్కరూ నమ్మలే. ఆ ఇంటి ఓనరు మిర్యాలగూడల ఉంటడు. ఆ స్లాబు మీద ఒక్క కోతిని కూడ చూడని మనిషి. గ్రూపుల రాసింది చదివి అక్కడి నుంచే ఫోన్ చేసిండు, నెలాఖరుకు రూము ఖాళీ చెయ్యమన్నడు. ఆమె ఫోన్ చేతుల పట్టుకొని మా వాకిట్లకు ఉరికొచ్చింది. "ఎండకాలం నడుమ ఇప్పుడు స్లాబున్న రూము నాకెవరిస్తరక్కా? కోదాడాయన సరుకేదమ్మా సరుకేదమ్మా అని ఒకటే ఫోన్లు" అన్నది.

ఆ మీది శనివారం. పండ్లు ఖతం చేసి గుంపంత స్లాబెక్కింది. ఆమె కట్టె పట్టుకొని ఉరికింది. ఒక డబ్బాల దాచింది పోను, ఆ ఎండకాలంల మిగిలిన ఆఖరి సరుకు ఆ చీరల మీదనే ఉన్నది. ఒక గండుకోతి కోరలు ఇకిలించి మీదికొచ్చింది. ఆమె వెనకకు అడుగేసింది. వెనక మెట్లు, మెట్లకు రెయిలింగు లేదు. నేను అయ్యో అని అరిచేసరికే కింద పడ్డది. పెద్ద దవాఖానకు ఆటోల నేనే తీసుకపోయిన. కుడిచెయ్యి మణికట్టుకాడ ఇరిగింది. కట్టు కడుతుంటె ఆమె నొప్పి గురించి ఒక్క మాటనలే. "అప్పడాలు ఒత్తే చెయ్యి అక్కా, గిదే" అన్నది.

ఇంటికొచ్చి ఫోన్ చూసిన. ఆమె కింద పడి ఉన్న ఫోటో గ్రూపుల ఉన్నది. ఎవరో మహానుభావుడు లేపకుండ ఫోటో తీసిండు. చోటు లేదన్న గ్రూపుల ఆమెకు చోటు దొరికింది, గట్ల. దాని కింద వరసగ పూలు, గెట్ వెల్ సూన్, మళ్ళ పూలు. ఆ ఫోటో తీసెయ్యిన్రి, సిగ్గు శరం ఉన్నదా అని రాసిన. దానికి కూడ ఒకాయన దండం పెట్టిండు.

ఇంతటితోని అయిపోలే. కట్టెతోని కొట్టబోయింది కాబట్టి స్వామికి కోపమొచ్చిందని ప్రెసిడెంటు సారు తేల్చిండు. ఆమె బాగు కోసం, కాలనీ శాంతి కోసం వచ్చే శనివారం ప్రత్యేక పూజ, వానర భోజనం. ఎక్కడ? ఆమె ఇంటి గేటు ముందర. అరటిపండ్లు గెలలకు గెలలే దిగినయి. సారు తన కొత్త కారు కడిగి, దండేసి, పూజకు తెచ్చి నిలబెట్టిండు. ఫోటో కోసం ఆమెను పిలిపిచ్చిన్రు. "అమ్మా, ఆ చెయ్యి కనపడేటట్టు జర ఇటు జరుగు" అన్నడు సెక్రెటరీ.

ఆమె జరగలే. పైకి పోయింది. కోతులకు చిక్కకుండ దాచుకున్న వడియాల డబ్బా ఎడమ చేత్తోని చంకల పెట్టుకొని మెట్లు దిగింది. ప్రసాదం ఇస్తదనుకొని అందరూ చేతులు చాపిన్రు. ఆమె సక్కగ పోయి డబ్బా మొత్తం కారు మీద కుమ్మరిచ్చింది. అద్దం మీద, బానెట్టు మీద, దండ మీద.

"ఏం పని అమ్మా ఇది!" అని సారు కేకేసిండు.

"పుణ్యమంత మీరే కట్టుకుంటె ఎట్ల సార్? నాక్కూడ జరంత కావాలె" అన్నది.

గోడల మీది కోతుల గుంపంత కారు మీదికి దుంకింది. వైపర్లు ఊడినయి, అద్దం ఇరిగింది, కొత్త రంగు మీద గోర్లు గీరుకుపోయినయి. నిన్నటిదాంక దేవుళ్ళు అన్నోళ్ళు చెప్పులిసిరిన్రు. సారు నోట్లకెల్లి వచ్చిన తిట్లు ఏ పుస్తకం భాషలవీ కావు. నేను నవ్వలే. ఆ డబ్బాల ఉన్నది ఎవరి కష్టమో నాకెరుక.

పొద్దుగూకకముందే గ్రూపుల ఆర్డరొచ్చింది. కాలనీల కోతులకు తిండి పెట్టుట నేటి నుంచి నిషేధం. దేవుడు, సంప్రదాయం, ఏ మాటా అడ్డం రాలే. చప్పట్లే చప్పట్లు. కొన్ని వారాలల్ల కోతులు గుట్ట దిక్కు మర్లినయి. "వానర సమస్యను శాశ్వతంగా పరిష్కరించిన మా ప్రియతమ అధ్యక్షులకు ధన్యవాదాలు" అని కొత్త ఫ్లెక్సీ లేచింది. ఈసారి అందుల కొండముచ్చు కూడ లేదు.

నెలాఖరుకు ఆమె సామాను ట్రాలీ ఆటోల ఎక్కించుకొని, మొగన్ని పరుపు మీద పండబెట్టుకొని కోదాడ పోయింది. ఓనరు మనసు మార్చుకోలే. షాపాయన తన కొట్టు వెనక రూము చూపెట్టిండు. స్లాబు లేదు. కొట్లో పొట్లాలు కడతదంట, ఎడమ చేత్తోని. కట్టు ఇప్పినంక చూస్తె కుడిచెయ్యి వంకరగ అతుక్కున్నదంట, పిడికిలి పడతలేదంట.

ఈ ఎండకాలం ఎదురింటి స్లాబు మీద ఎండ దంచికొడుతున్నది. ఒక్క కోతి లేదు, ఒక్క చీర పరిచి లేదు. మొన్న పొద్దుగాల పూల నడుమ ప్రెసిడెంటు సారు మెసేజి కనపడ్డది. "మన కాలనీలో మంచి వడియాలు చేసే ఆమె ఉండేది కదా. ఇంట్లో అడుగుతున్నారు. ఎవరి దగ్గరైనా నంబరు ఉంటే పెట్టగలరు."

నేను రాసిన. "ఆమె చెయ్యి బాగుకాలే సార్. ఇగ వడియాలు పెట్టుడు ఆమెతోని కాదు."

ఒక గులాబీ వచ్చింది. దాని కింద ఇంకొకటి. గెట్ వెల్ సూన్ అన్నరు ఒకరు. సారు చేతులు జోడించిన బొమ్మ పెట్టిండు. ఆ తర్వాత ఎవరో అడిగిన్రు, కరెంటు పోయింది, మీకు కూడ పోయిందా అని.