రెండు ఖానాల మోరీ

శానా ఏండ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండాది. మింగలేను, కక్కలేను. ఇంట్లో ఆమెకు కూడా చెప్పల్యా. ముక్కూమొగం తెలియని నీకు చెప్తాండా. నా పేరు మాత్రం అడగొద్దు. వాన పట్టిన దినం ఈ పొద్దుకూ ఒక కాడ కూచోలేను.

అప్పుడు నేను ఓవర్సీరును. కోడుమూరు తట్టు ఒక చిన్న వంక మీద రోడ్డుకు మోరీ కట్టల్ల. వంకలో వరద ఎంతొస్తాదో లెక్కగడితేనే నీళ్లు పోయేదానికి ఎన్ని ఖానాలు పెట్టల్లో తెలుస్తాది. నేల కొలిచి లెక్కేస్తి. రెండు చాలని తేలె. అయినా పెద్ద వరద యాడిదాకా వచ్చిందో ఊరోళ్లను అడిగి సరిచూసుకోవల్ల, అది పద్ధతి.

వంక పొంగినప్పుడు నీళ్లు తాకిన కాడ ఒడ్డునుండే రాతిగుండుకు గంగమ్మ పేరున పసుపు పూసేది, ఏటేటా దానిమీదనే మళ్లీ పూసేది ఆ ఊరి ఆచారం. ఒడ్డున కొట్టంలో ఉండే సుంకమ్మ, గొర్రెలు కాసుకునే ముసలామె, నాకు రెండు గుర్తులు చూపించె. కిందిది నా లెక్కకు సరిపోయె. పైది నా తలకంటే మూరెడు ఎత్తులో ఉండె. అదే నిజమైతే నాలుగు ఖానాలు కావల్ల. మరుసటి దినమే ఇంజనీరు వస్తాండాడు. సోమరితనం అనుకుంటావేమో. పొగరప్పా. నేను చదివిన లెక్కను ఈమె పసుపు తప్పనేదా?

తెల్లారి ఒక్కన్నే పోయి, రాయెక్కి, తడిగుడ్డతో పై పసుపు తుడిచేస్తి.

ఇంజనీరు వచ్చినాక సుంకమ్మ గుండంతా ఎతికె. "పైన ఇంగొకటి ఉండె సామీ. మా నాయన పూసింది. నిన్న ఈయప్పకు చూపిస్తి గదా" అనె.

"ముసలామె సార్, మతి నిలకడ లేదు" అంటి.

ఆమె నా మొగం తట్టు శానాసేపు చూసె. "నాదే మరుపేమోలే సామీ" అనె. మరుపా? భయం. అది తెలిసీ కింది గుర్తే ఆమె చూపించిందని రాసి, ఆమెతోనే వేలిముద్ర వేయిస్తి.

మోరీ కట్టిన మూడో ఏడు ముసురు పట్టె. రెండు ఖానాల్లో పట్టని నీళ్లు రోడ్డు కట్టకు తగిలి ఎనక్కి మళ్లి సుంకమ్మ కొట్టంలోకి పోయె. మరుసటి దినం తుమ్మచెట్ల కాడ ఆమె శవం దొరికె.

విచారణలో నా కాగితం ఊరందరి ముందర చదివినారు. ఆమె కొడుకు నా కాడికొచ్చి చేతులు జోడించె. "మాయమ్మ తప్పు చూపించె సారూ. మీకు చెడ్డపేరు తెచ్చె. మనసులో పెట్టుకోవద్దు."

నేనేమంటినో తెలుసునా? "పర్వాలేదులే" అంటి.

వాన నా చేతిలో లేదని సర్దుకోవచ్చు. ఆ మాటను ఎట్ల సర్దుకునేది? ఆయప్ప తల్లిదే తప్పనుకుని ఇంటికి పోయె, నేను చూస్తా నిలబడితి. ఇప్పుడాయప్ప కూడా లేడు. చెప్పేదానికి మిగిలింది నువ్వే. సుంకమ్మ సరిగ్గానే చూపించింది. రొమ్ములో బరువు రవ్వంత దిగింది, దానికీ సిగ్గుగానే ఉండాది.