కూడలిలో నిలబడే ఉద్యోగం

ఆమెను వీధిలో అందరూ మూడు తాళాలత్తయ్య అంటారు. కూడలి మూలమీదున్న చిన్న సరుకుల కొట్టుకు రోజూ మూడు తాళాలు వేసి, ఇంటివైపు నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి మూడింటినీ లాగి చూస్తుందని ఆ పేరు. నోటు ఇస్తే వెలుతురుకు ఎత్తి చూస్తుంది. "బాగున్నావా అత్తయ్యా" అని ఎవరైనా పలకరిస్తే, వీడికి ఇవాళ నా బాగోగులతో ఏం పని పడిందా అని ఆలోచిస్తుంది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకున్న కొట్టు మరి. అనుమానమే లేకపోతే అది ఎప్పుడో చేజారిపోయేదని ఆమె నమ్మకం.

అలాంటి ఇంటికి భూగోళం చదివిన కోడలు వచ్చింది.

"ఆ చదువుకి ఏం ఉద్యోగమొస్తుంది? నదులెక్కడ పుట్టాయో పిల్లలకి చెప్పడమేగా" అంది అత్తయ్య మొదటి రోజే. మ్యాపులు గీయొచ్చు, వాతావరణ శాఖలో చేరొచ్చు, ఊళ్ళకు ప్లాన్లు వేయొచ్చు అని వియ్యంకుడు వేళ్ళు మడిచి చెబుతుంటే, ఇన్ని ఉంటే ఒక్కటైనా ఇంకా రాలేదేం అనుకుంది లోలోపల. తీరా ఉద్యోగం వచ్చాక ఆమె అనుమానం రెట్టింపైంది.

"ఇంతకీ ఏం చేస్తావక్కడ?"

"ఊళ్ళో ఏది ఎక్కడ పెడితే బాగుంటుందో చెబుతానత్తయ్యా."

"దానికి జీతం కూడానా! ముందు ఆ గుమ్మానికి అడ్డంగా ఉన్న బకెట్ ఎక్కడ పెట్టాలో చెప్పు."

కోడలు నవ్వి బకెట్ తీసింది గానీ, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ దాపరికమే అత్తయ్యకు కంట్లో నలుసైంది. ఆఫీసులో కూర్చునే పిల్లకు మొహం అలా కమిలిపోతుందేం? చెప్పులు అంత త్వరగా అరుగుతాయేం? రోజుకో దిక్కునుంచి ఇంటికి వస్తుందేం? భోజనం చేస్తున్నా ఎడమచేతి బొటనవేలు దేన్నో నొక్కుతున్నట్టు కదులుతూనే ఉంటుంది. హ్యాండ్‌బ్యాగులోంచి ఒకసారి టిక్కుమని చప్పుడు కూడా వినబడింది. కొడుకుతో అంటే, "అమ్మా, నీకు నీ నీడ మీద కూడా అనుమానమే" అని కొట్టిపారేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సరే, నేను పట్టి చూపిస్తాననుకుంది.

మర్నాడు పట్టపగలు కొట్టు కట్టేసి కోడలి వెంటపడింది. కోడలు ఆసుపత్రి గేటు ముందు చాలాసేపు నిలబడింది. లోపలికి పోలేదు. ఎవరూ వచ్చి కలవలేదు. బ్యాగులో పెట్టిన చెయ్యి మాత్రం బయటికి తీయలేదు. గొడుగు చాటున మొహం దాచుకుని, గోడల పక్కన నక్కి నక్కి నడిచేసరికి అత్తయ్యకు కాళ్ళు పీకాయి. చివరికి కోడలు తిరిగి తిరిగి తమ కూడలికే వచ్చింది. మూతపడ్డ సినిమాహాలు ముందు, బస్టాపు నీడలో నిలబడి, ఎదురుగా తమ కొట్టువైపు వచ్చేపోయేవాళ్ళ కాళ్ళనే చూడసాగింది.

అత్తయ్య వెనకనుంచి వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. గుప్పిట్లో పొట్టి స్టీలు యంత్రం, దాని మీద అంకెలు.

"ఏంటే ఇది?"

"మనుషుల్ని లెక్కపెట్టేదత్తయ్యా. ఒకరు నడిచి వెళితే ఒక నొక్కు." కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెద్ద సూపర్ మార్కెట్ ఒకటి వస్తోంది. ఆసుపత్రి రోడ్డులోనా, ఈ సినిమాహాల్లోనా అన్నది ఇంకా తేల్చలేదు. జనం ఎక్కడెక్కువ తిరిగితే అక్కడ పెడతారు. ఇక్కడే ఎక్కువున్నారు. మీకెలా చెప్పమంటారు? తగ్గుతారేమోనని మళ్ళీ మళ్ళీ వచ్చి నిలబడుతున్నా."

అత్తయ్యకు భయం పట్టుకుంది. ఎదురుగా అంత పెద్ద కొట్టు లేస్తే తన దగ్గర సబ్బుబిళ్ళ కొనేదెవరు? పిల్ల గురించి ఏమేం ఊహించుకుందో తలుచుకుంటే సిగ్గూ వేసింది. ఆ రెండూ కలిసి కోపమై బయటికొచ్చాయి.

"ఆ ఆసుపత్రి రోడ్డే బాగుందని రాసిపారెయ్!"

"అబద్ధం రాయలేనత్తయ్యా. ఇవాళ మాత్రం ఎందుకో సగం మంది కూడా..." కోడలు కొట్టు తలుపుకేసి చూసి ఆగిపోయింది. "అదేంటి, కొట్టు కట్టేశారా?"

ఒకాయన సంచీతో మలుపు దాకా వచ్చి, తాళాలు చూసి, కూడలిలో అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగాడు. ఇన్నాళ్ళూ లెక్కకెక్కింది ఈ కూడలి జనం కాదు, తన కొట్టు కోసం వచ్చే జనమేనని అత్తయ్యకు అప్పుడర్థమైంది.

"ఇంకా ఎన్నాళ్ళు లెక్కపెడతారు?"

"ఈ వారమంతా."

"అయితే ఉన్నదున్నట్టే రాయి. నాకు నడుంనొప్పిగా ఉంది. ఈ వారం కొట్టు తీయను."

"అది మోసం కదత్తయ్యా?"

"నా కొట్టు, నా తాళం, నా నడుం. ఇందులో మోసమెక్కడిది?"

కోడలు మళ్ళీ లెక్కలో పడింది. కొట్టు మూసి లోపల ఏదో దాచిందట అని ఒకరు, కొట్టు అమ్మేసిందట అని ఇంకొకరు, వీధి వీధంతా ఆ వారం అత్తయ్యను అనుమానంగా చూసింది. అనుమానించదగ్గ పని నిజంగానే చేసింది కాబట్టి ఆమెకు ఒక్కరితోనూ పోట్లాడే వీలు లేకపోయింది. చివరికి సూపర్ మార్కెట్ ఆసుపత్రి రోడ్డుకు పోయింది.

కొట్టు మళ్ళీ తెరిచిన రోజు సెలవు కావడంతో కోడలు సాయానికి వచ్చింది. పాత బేరాలన్నీ తిరిగొచ్చాయి. అత్తయ్య ఒక నోటును వెలుతురుకెత్తి చూస్తూ, దాని అంచు మీదుగా అవతలికి చూసి ఆగిపోయింది. సినిమాహాలు ముందు కొత్త మనిషొకడు నిలబడ్డాడు. ఒక చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"జరగండి, జరగండి, కొట్టు కట్టేస్తున్నా" అంటూ ఆమె షట్టరు అందుకుంది.

"అత్తయ్యా, బస్సు కోసం నిలబడ్డాడేమో!"

"అయితే బస్సెక్కాక తెరుస్తాను."

కోడలు ఇంకేదో అనబోయి, అతని జేబువైపు చూసింది. గుడ్డ కింద బొటనవేలు కదిలినట్టే అనిపించింది. ఆమె గబగబా వచ్చి షట్టరు రెండో కొస పట్టుకుంది.