ఉమాదేవి వెనక వచ్చినవాళ్లు

తాను వెళ్లిన ఇళ్లకే మర్నాడు పోలీసులు వెళ్తున్నారన్న సంగతి ఉమాదేవికి చిన్నవెంకటమ్మ గడప దగ్గర తెలిసింది.

ఉమాదేవి మారికుప్పం దగ్గరి బంగారు గని కార్మికుల లైన్ ఇళ్లలో పుట్టి పెరిగింది. నొప్పి మాత్రలు నూరి సూదితో ఎక్కించుకునే అలవాటు తమ్ముణ్ణి మింగేశాక, అలాంటివాళ్ల కోసం పనిచేసే ఒక సంస్థలో చేరింది. వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇవ్వడం, రక్తపరీక్షకు ఒప్పించడం, పుండు పడితే ఆసుపత్రికి తీసుకుపోవడం ఆమె పని. ఎవరినీ గద్దించేది కాదు. అందుకే ఆమెను చూస్తే తలుపులు తీసేవాళ్లు.

ఆ రోజు మాత్రం చిన్నవెంకటమ్మ అడ్డంగా నిలబడింది.

“లోపలికి రావద్దమ్మా. నువ్వు వచ్చిపోయిన మర్నాడే పోలీసోళ్లు వచ్చినారు. మా ఆంజినప్పను స్టేషన్‌కు ఈడ్చుకపోయి, ఫోటో తీసి, మత్తు పరీక్షకని అందరి ముందరా ఉచ్చ పట్టించినారు. వాని దగ్గర ఏమీ దొరకలేదు. అయినా ఆదివారం ఆదివారం పోయి కనపడల్లంట. నువ్వు పోయే ఆ పాపన్న ఇంట్లోనూ ఇదే కథ. నువ్వు కాకుంటే ఇంగెవురు చెప్పినారు?”

ప్రతి ఇంటి ముందూ నిలబడి, సంస్థ ఇచ్చిన ఫోనులో ఒక గుర్తు నొక్కితేనే ఆమె పనికి వచ్చినట్టు లెక్క. ఏ ఇల్లు ఎక్కడుందో ఆ గుర్తులన్నీ ఆఫీసుకు చేరతాయి.

నేరుగా ఆఫీసుకు పోయి, పైఅధికారి ప్రేమను అడిగింది.

“మేడం, నేను నొక్కేది యాడికి పోతా ఉండాది?”

ప్రేమ తలెత్తలేదు. “పోలీసులు అడిగినారు ఉమా. అలవాటున్నోళ్ల మంచికే కదా అని ఆ వివరాలు ఇచ్చినాము. దీన్ని పెద్దది చేస్తే నీకు పని ఉండదు.”

ఆ తర్వాతి వారం వేరే దిక్కులేక చిన్నవెంకటమ్మే వెతుక్కుంటూ వచ్చింది. ఆదివారం స్టేషన్‌కు పోకుండా కొడుకు ఆంజినప్ప, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వెనక పాడుబడ్డ క్వార్టర్సులో దాక్కున్నాడట. చెయ్యి వాచిపోయి జ్వరం కాస్తోందట. ఆసుపత్రిలోనూ పోలీసులుంటారని రానంటున్నాడట.

ఉమాదేవి ఫోను ఇంట్లో పెట్టి ఆమెతో బయలుదేరింది. సందు దాటగానే బైకు మీద మఫ్టీ కానిస్టేబుల్ కనిపించాడు. ఆమె ఆగితే ఆగుతున్నాడు, నడిస్తే కదులుతున్నాడు. దిబ్బల వైపు తిరిగితే ఆంజినప్పను చేతులారా పట్టిచ్చినట్టే. తిరక్కపోతే వాడి చెయ్యి దక్కదు.

“నువ్వు ముందు పో పెద్దమ్మా,” అని ముసలామెను పంపించి, తాను రైల్వే స్టేషన్ వైపు నడిచింది. బెంగళూరు రైలు బయలుదేరబోతోంది. ఆమె ఎక్కింది. వెనక పెట్టెలో అతనూ ఎక్కాడు. రైలు కదులుతుండగా ఉమాదేవి అటువైపు తలుపులోంచి పట్టాల మీదికి దూకింది. మోకాలు చీరుకుపోయింది. వెనక్కి చూడకుండా కుంటుతూ పరుగెత్తింది.

ఆంజినప్ప గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. “నువ్వే కదక్కా పట్టించినావు?”

“నా చేతుల మీదనే జరిగిందప్పా. నాకు తెలీకుండా జరిగింది. ఇప్పుడు తెలిసింది. ఆ ఫోను తేలేదు. లెయ్యి, పోదాం.”

అతను ఆమె మోకాలి మీది రక్తం చూశాడు. గోడ పట్టుకుని లేచాడు.

సాయంత్రానికల్లా ఆసుపత్రికీ ఒక పోలీసు వచ్చాడు. ఉమాదేవి వార్డు తలుపుకు అడ్డంగా నిలబడింది.

“వాని మీద కేసు ఉండాదా సార్? ఉంటే కాగితం చూపించండి. లేకుంటే చికిత్స కానీండి.”

అతను ఆమె మొహాన్నే ఫోటో తీసుకున్నాడు. లోపల్నుంచి డాక్టరు వచ్చి బయటికి పొమ్మనేదాకా ఆ పోలీసు కదల్లేదు.

ఆంజినప్ప చెయ్యి దక్కింది కానీ రెండు వేళ్లు వంగవు. ఉమాదేవి పని పోయింది. పాపన్న ఊరు విడిచిపోయాడు, ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఉమాదేవి తల్లీకొడుకులను వెంటబెట్టుకుని కోలారులో ఒక వకీలును కలిసింది. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు రాద్దామన్నాడాయన. భయముంటే పేరు దాచమని అడగొచ్చు అన్నాడు.

చిన్నవెంకటమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

“నా పేరే రాయండి సార్,” అన్నాడు ఆంజినప్ప. “పోలీసోళ్లకు ఎట్లూ తెలుసు కదా.”