తల్లి మాట అప్పజెప్పినాను

నేను తిడతాను. ముందే చెప్పేస్తా ఉన్నాను, ఇష్టం లేనోళ్ళు ఈడనే నిలిపేయొచ్చు. ఫోన్లో ఆట ఆడేటప్పుడు తిడతాను, హోసూరు బస్సులో కాలు తొక్కినోణ్ణి తిడతాను, కంపెనీలో మెషీను మొరాయిస్తే దాన్నీ తిడతాను. ఆట ఆడేటప్పుడు తిట్టొచ్చా, తిట్టగూడదా అని ఇప్పుడు గ్రూపుల్లో పెద్ద పెద్ద చర్చలు పెడతా ఉండారు. పెట్టుకోనీ, నాకేమి? నన్ను అడిగితే మాత్రం నేను తిరిగి అడిగేది ఒకటే. నువ్వు ఎవర్ని తిట్టినావు, ఆ తిట్టు పోయి ఎవరి మీద పడింది? అది చెప్పు ముందు, తక్కింది నంక మాట్లాడుకుందాము.

మాది డెంకణికోట దాటినంక అడివంచు పల్లె. గొర్రెలూ మేకలూ మేపేటోళ్ళం, దాంతో పాటు రవంత రాగిచేను. మా ఇంట్లో తెల్లారేదే తిట్లతో. అమ్మ దొడ్డి తడిక తీస్తానే మొదలుపెడుతుంది. "నీ పాడె కట్ట, దావకు అడ్డం నిలబడతావేమే! నీ జిమ్మడ, నా కొంగు నమిలేది యాడ నేర్చినావే! నిన్ను చిరుత ఎత్తుకపోను, ఈ పక్కకు రా!" అంటా అంటానే కుంటిపిల్లను ఎత్తి చంకన పెట్టుకుంటుంది. నిజంగానే ఒక మేకను చిరుత ఎత్తుకపోయిన పొద్దు అదే అమ్మ సంగటి ముద్ద ముట్టలేదు. మూలన కూచోని ఏడ్చింది.

అట్లాంటి నోరు ఉండే మనిషి, ఏనుగు వచ్చి కోతకొచ్చిన చేనంతా తొక్కేస్తే ఒక్క తిట్టు తిట్టలేదు. గట్టున నిలబడి చేతులు జోడించి, "సామీ, పో సామీ, మా కడుపు కొట్టొద్దప్పా" అనింది. ఏనుగును మా ఊర్లో ఎవరూ తిట్టరు. ఎవర్ని తిట్టొచ్చు, ఎవర్ని తిట్టగూడదు అనేది మాకు ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు, ఇంట్లోనే వచ్చేసింది. మనోళ్ళను తిట్టొచ్చు. మేకను, మొగుణ్ణి, పడకుండా పోయే వానను తిట్టొచ్చు. తల్లిని ఎత్తి మాత్రం ఎవర్నీ తిట్టగూడదు.

హోసూరులో నేను ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను, హాస్టల్లో ఉంటాను. లైన్లో నిలబడితే మాట్లాడేదానికి లేదు. సూపర్‌వైజరు చెప్తాడు, మేము తల ఊపుతాము. పని ముగించుకోని వచ్చి, మొకం కడుక్కోని, మంచం మీద కూచోని చెవులకు హెడ్‌సెట్టు తగిలిస్తే అప్పుడు నా రాజ్యం. ఆట మీకు తెలిసిందే: నలుగురు ఒక జట్టుగా దీవిలో దిగి, తుపాకులు ఏరుకోని, కడాకు మిగిలిన జట్టు గెల్చినట్టు. మా జట్టులో ఆడించేది నేను. యాడ దిగల్ల, ఎప్పుడు దాక్కోవల్ల, ఎప్పుడు తిరగబడల్ల అని నేను చెప్తే ముగ్గురు మగోళ్ళు వినల్ల. వింటారు కూడా, ఎందుకంటే విన్నప్పుడల్లా గెలుస్తారు. పొద్దంతా తల ఊపే నాకు ఆ కొంచేపే నా మాట నడిచేది. అది పోతే నాకేమి మిగుల్తుందప్పా?

మేము ఆడేటోళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, దాని అడ్మిన్ కూడా ఈ జట్టులోనే. ఆంధ్ర నుంచి వచ్చి హోసూరులో ఒక ఆఫీసులో పని చేస్తా ఉండాడు. అమ్మానాయనలను కూడా పిలిపించుకోని బాడుగింట్లో ఉండాడు. మంచి ఆటగాడే, నేను కాదనను. నోరు మాత్రం మురికి కాలవ.

హోసూరులో పోటీ పెట్టినారు. ఒక హాల్లో, జనం ముందర, కృష్ణగిరి నుంచి ధర్మపురి నుంచి జట్లు వస్తాయి. ఆదివారం ఆట. ఆ వారం మొదట్లో ప్రాక్టీసు ఆడతా ఉంటే, గోడ వెనక కదలకుండా ఉండమని నేను గొంతు చించుకుంటా ఉండాను. ఈయన వినకుండా బయటికి ఎగిరినాడు. ఎగిరినోడు ఎగిరినట్టే చచ్చినాడు. నాకు ఒళ్ళు మండిపోయి, "నీ పాడె కట్ట, యాడికి ఎగిరినావప్పా!" అన్నాను. దానికి ఆయన నన్ను కాదు, మా అమ్మను ఎత్తుకోని ఒక మాట అన్నాడు. నా చెవిలో, జట్టంతా వింటా ఉండంగా. ఒక మాటతో నిలపలేదు, దానికి తోకలు కూడా తగిలించినాడు. ఆ మాటలు నేను ఈడ రాయను. సిగ్గై కాదు. అవి నావి కాదు.

సరే, మర్నాడు సారీ అంటాడేమో అని చూస్తా ఉండాను. ఫోన్ వచ్చింది. ఏమంటాడు చూడండి.

"గ్రూపులో ఒక సారీ వాయిస్ పెట్టమ్మా, అయిపోతుంది. ఆడపిల్ల నోట్లోంచి పాడె అన్న మాట రావచ్చా? అది శాపం."

"నువ్వు మా అమ్మను అన్నదానికి?"

"అయ్యో, అది మీ అమ్మని అన్నట్టు కాదు. ఆట వేడిలో వచ్చేస్తుంది అంతే. అందరూ అనేదే, ఎవరూ పట్టించుకోరు."

"వచ్చేటప్పుడు నోరు మూసుకుంటే సరిపోయింది కదప్పా."

అంతే, ఆయనకు కోపం పొడుచుకోని వచ్చింది. "ఆదివారం లోపల సారీ రాకపోతే నీ బదులు వేరేవాణ్ణి పెట్టుకుంటాం. ఇబ్బందిగా ఉంటే ఆడవాళ్ళకి వేరే గ్రూపు పెట్టిస్తాను. అక్కడ పద్ధతిగా ఆడుకోండి" అన్నాడు.

వేరే గ్రూపంట! వాళ్ళు తీరిగ్గా తల్లుల్ని తిట్టుకునేదానికి మేము లేచి పక్కకు పోవల్లంట. నేను జట్టును పోటీదాకా లాక్కోని వస్తే, జనం ముందర నిలబడే పొద్దుకు నన్ను తీసి పారేస్తాడంట. ఫోన్ పెట్టేసినాను. ఏడుపు వచ్చింది, దాన్ని కూడా తిట్టినాను.

గురువారం ఒక పొద్దు సెలవు పెట్టి ఊరికి పోయినాను. అమ్మ దొడ్డికాడ తుమ్మకొమ్మలు నరికి మేకలకు వేస్తా ఉంది. నా మొకం చూసి, "ఏమే, మూతి అట్ల పెట్టుకోని వచ్చినావు?" అనింది. నేను అన్న మాట ముందు చెప్పినాను. అమ్మ కొడవలి కింద పెట్టి నవ్వింది.

"పాడె కట్ట అంటే సారీ చెప్పల్లనా? అట్లయితే నేను ఈ మేకలకు పొద్దుగూకులూ సారీ చెప్తా ఉండల్ల."

నంక, ఆయన నిన్ను ఎత్తి ఒక మాట అన్నాడమ్మా అని మొదలుపెట్టినాను, ఆ మాట చెప్పేదానికి నోరు రాలేదు. "నా గురించి అన్నాడు కదా, అది నాకు రావల్సింది. చెప్పు" అనింది అమ్మ. చెప్పినాను. అమ్మ నవ్వు ఆగిపోయింది. మేక ఒకటి వచ్చి కొంగు లాగతా ఉంటే దాన్ని తిట్టను కూడా తిట్టలేదు.

"వాళ్ళమ్మ యాడుంది?" అని అడిగింది.

"ఈడనే, హోసూరులో."

"అట్లయితే పోయి అప్పజెప్పిరా."

ఇది మా ఊరి పద్ధతి. వేరే యాడైనా ఉందో లేదో నాకు తెలీదు. ఎవడైనా తల్లిని ఎత్తి మాట అంటే, పడినోళ్ళు తిరిగి అనరు, కొట్టరు. పొద్దున్నే లేచి అన్నోడి ఇంటికి పోతారు. గడప బయట నిలబడి, వాళ్ళమ్మను పిలిచి, "నీ కొడుకు మాకు ఈ మాట ఇచ్చినాడు, ఇది నీ ఇంటిది, తీసుకో" అని ఉన్నదున్నట్టు అప్పజెప్తారు. ఒక మాట కలపగూడదు, ఒక మాట తగ్గించగూడదు. అప్పజెప్పించుకున్న తల్లి కొడుకు మీదికి చీపురు ఎత్తింది నేను చూసినాను. ఒకామె సిగ్గుతో మొకం కప్పుకోని గడపలోనే కూలబడింది, అదీ చూసినాను. ఆ ఇంటి మగోడు ఇంగ జన్మలో ఆ మాట ఎత్తడు.

శనివారం షిఫ్టు ముగించుకోని పోయినాను. టీం టీషర్టు తీసుకునేదానికి ఇంతకు ముందు గేటుదాకా వచ్చినాను కాబట్టి ఇల్లు తెలుసు. మెట్లెక్కి తలుపు కొట్టినాను. తలుపు తీసింది ఆయమ్మే. చేతులకు చపాతీ పిండి.

"ఎవరమ్మా?"

"మీ కొడుకు జట్టులో ఆడతానమ్మా."

"రా తల్లీ, లోపలికి రా."

"రానమ్మా. ఈడనే నిలబడి ఒక మాట అప్పజెప్పి పోతాను. మీ కొడుకు మా అమ్మను అన్న మాట. మా ఊర్లో అది పద్ధతి."

ఆయమ్మ ఏమీ అర్థం కానట్టు చూసింది. నేను తల వంచుకోని మెల్లగా చెప్పినాను. ఒకటీ తగ్గించలేదు, తోకలతో సహా చెప్పినాను. చెప్పేసి, ఇంగ అరుస్తుంది, తలుపు మొకాన వేస్తుంది, లేకుంటే కొడుకును పిలిచి చెంప పగలగొడుతుంది అని చూస్తా ఉండాను.

ఆయమ్మ చేతికి అంటిన పిండిని కొంగుతో తుడుచుకునింది.

"అంతేనా?" అనింది.

"అంతేనమ్మా."

"ఇవి మా వాడి మాటలు కావు తల్లీ. వాళ్ళ నాన్నవి. పెళ్ళై వచ్చినప్పటి నుంచి వింటున్నాను. వాడు పుట్టినప్పటి నుంచి విన్నాడు."

ఏ తల్లికైనా ఈ మాట కొత్తగా తగుల్తుంది అనుకోనే కదా మా ఊరి పద్ధతి నిలబడింది. తగిలీ తగిలీ కాయకాచిపోయిన తల్లి ఉంటుందని మా అమ్మకు తట్టలేదు, నాకూ తట్టలేదు. క్షమించమని అడుగుదామా అనిపించింది. అంతలో కొడుకు లోపల్నుంచి వచ్చినాడు, హెడ్‌సెట్టు మెడలో వేలాడతా ఉంది. నన్ను చూసినాడు, అమ్మను చూసినాడు. అర్థమైపోయింది.

"ఆదివారం నువ్వే ఆడించు" అన్నాడు, గొంతు తగ్గించి. "సారీ గీరీ ఏమీ వద్దు. వెళ్ళిపో, ప్లీజ్."

"సారీ నేను ఎట్లాగూ చెప్పేది లేదప్పా. రేపు వస్తాను, ఆడిస్తాను. ఇంగ నా చెవిలో ఎవరి తల్లి మాటైనా పడిందంటే మళ్ళా ఈడికే వస్తాను."

నేను వచ్చిన పని అయిపోయింది. వెనక్కి తిరిగి మెట్టు మీద కాలు పెట్టినాను.

"ఆగమ్మా" అనింది ఆయమ్మ. "ఇంకొకసారి చెప్పు. మరీ మెల్లగా చెప్పావు. లోపల ఆయన టీవీ చూస్తున్నాడు, వినబడి ఉండదు."

"అమ్మా" అన్నాడు కొడుకు.

ఆయమ్మ కొడుకు పక్క చూడలేదు. మూసి ఉన్న రెండో తలుపు రెక్కకు గొళ్ళెం తీసి, బార్లా తెరిచి పట్టుకునింది. నేను గడపకాడికి తిరిగి వచ్చి, నాకు ఉన్న గొంతంతా పెట్టి మొదట్నుంచి చెప్పినాను. సగంలో లోపల టీవీ ఆగిపోయింది. నేను నిలపలేదు.