కారం పడకముందు తీసిన ముక్క

మే నెల రెండో ఆదివారం, పగలు పదకొండున్నర. శంషాబాద్‌లో మా వంటింటి గట్టు మీద నాలుగు వైన్ సీసాలు, నాలుగూ మూత తీసినవే. పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. నా జన్మలో అంత హుషారుగా ఏ ఆదివారమూ వంట చేయలేదు.

సీసాలు తెచ్చింది మా కోడలు. విమానాశ్రయం పక్కన ఒక పెద్ద హోటల్లో ప్లేట్లు అందించే పని ఆమెది, ఏజెన్సీ కాంట్రాక్టు మీద. ఆ హోటల్‌వాళ్ళు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక ద్రాక్షతోట నుంచి వైన్ తెప్పించారు. మంగళవారం ఆ తోట మనిషి వస్తాడు. ఏ వైన్ పక్కన మన తిండి ఏది పెడితే బాగుంటుందో ఆయన ముందూ, హోటల్ పెద్ద షెఫ్ ముందూ పెట్టి చెప్పాలి. పోటీలో ఇద్దరు. బాగా చెప్పినవాళ్ళకు వైన్ వడ్డించే పక్కా ఉద్యోగం. రెండోవాళ్ళకు నెలాఖరుతో కాంట్రాక్టు సరి. మా కోడలికి సరి అంటే మళ్ళీ కొత్తూరే. పెళ్ళయిన కొత్తలో అక్కడి ఫ్యాక్టరీలో డబ్బాలు అతికించేది. ఆ జిగురు వాసన చేతులకు పట్టి, ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు ఆమెకు. శిక్షణలో మిగిలిన సీసాలను ఇంటికి తీసుకుపోయి రుచి పట్టుకోమని హోటల్‌వాళ్ళే ఇచ్చారు.

అత్తాకోడళ్ళు కూర్చుని తాగడమేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోండి. మాది కల్లు గీసే ఇల్లు. మా ఆయన పాల్మాకులలో తాటిచెట్లు ఎక్కినన్నాళ్ళూ, పొద్దున దించిన కల్లు ఆడా మగా అందరం తాగినవాళ్ళమే. నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక వచ్చాయి, కల్లు రుచి అంతకు చాలా ముందే వచ్చింది. తాగేదాని పక్కన ఏం పెట్టాలో నాకు వదిలెయ్ అని కోడలికి గట్టిగా చెప్పాను.

మొదట సాక పోశాను. ఏది తాగినా ఎల్లమ్మ తల్లికి నాలుగు చుక్కలు నేల మీద వదలనిదే మా ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. మా కొడుకు క్యాబ్ నడుపుతాడు, మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు డ్యూటీ ఉంది కాబట్టి వాడికి వాసనే దక్కింది. ఆ కడుపుమంటతో, అమ్మవారికి ఇయ్యాల ఫారిన్ మాల్ పడ్డదని ఎగతాళి చేశాడు.

తెల్లదానితో చిక్కు రాలేదు. నిమ్మపులుపు, వెనకాల కొంచెం ఉప్పదనం. సకినం కొరికి ఒక గుక్క తాగాను. నువ్వుల కమ్మదనం లేచి వచ్చింది. కోడలు కళ్ళు మూసుకుని ఇంకో సకినం అందుకుంది. రోజా రంగుది చేపముక్కతోనూ పోయింది, ఉల్లిగడ్డ పకోడీతోనూ పోయింది. అందరితో మంచిగా ఉండేవాళ్ళను నేను నమ్మను, దాన్ని పక్కన పెట్టేశాను.

తియ్యదాని జోడీ కుదిర్చింది మా పక్కింటామె. నమాజు చదివే మనిషి, సీసాను ముట్టదు. తమాషా చూడాలని గడప అవతల కుర్చీ వేసుకుంది. మూత తీయగానే ముక్కు ఎగబీల్చి, “అక్కా, ఇది అచ్చం మా ఖుబానీ వాసనే గదా” అంది. లేచిపోయి, ఎండు ఆప్రికాట్ పళ్ళతో అప్పుడే వండిన ఖుబానీ మీఠా గిన్నెతో వచ్చింది. గిన్నెను సీసాకు జర దూరం పెట్టమని మాత్రం షరతు పెట్టింది. ఆ తీపికీ ఈ తీపికీ వియ్యం కుదిరినట్టే ఉంది. నేను చప్పట్లు కొట్టాను, ఈ వయసులో.

ఇక ఎర్రది. ఎర్రదాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దని నేర్పారట. మే నెల ఎండకు సీసా ఒళ్ళు కాలుతుంటే, తడిగుడ్డ చుట్టి మంచినీళ్ళ రంజను పక్కన నిలబెట్టాను. ఆ తోట మనిషి ముఖ్యంగా చూసేది దీన్నేనట. దానికి నా మటన్ కూరే అని ముందే ఖాయం చేసుకున్నాను. కారం దండిగా వేశాను, కల్లు పక్కన వేసినట్టే.

కోడలు కూర తిని వైన్ తాగింది. ముఖం మాడ్చుకుంది. నేనూ తాగాను. నోట్లో నిప్పు, నిప్పు మీద చేదు. అంత పేరున్న సీసా నా కూర ముందు కషాయమైపోయింది. కారం తగ్గించి ఇంకోసారి వండుతానన్నాను. కోడలు గ్లాసు పక్కకు జరిపింది. కొత్తూరు ఆమె కళ్ళలో కనబడింది నాకు.

ఇంతలో మనవరాలు ఆకలని ఏడ్చింది, రెండేళ్ళ పిల్ల. మా ఇళ్ళలో కూరలో కారం పడకముందే పిల్లల కోసం నాలుగు ముక్కలు తీసి పెడతాం. పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి, రెండు మిరియాలు, పైన కాస్త నెయ్యి, అంతే. కోడలు ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తూ, పిల్ల వద్దని ఊసిన ముక్కను అలవాటుగా తన నోట్లో వేసుకుంది. మంట చల్లారడానికేమో, పక్కనున్న ఎర్ర వైన్ గుక్కెడు తాగింది. తాగి, గిన్నెలోంచి ఇంకో ముక్క అందుకుంది.

“అత్తమ్మా, ఇగ దొరికింది.”

“ఏంది దొరికింది?”

“గీ ముక్కే. నువ్వు తిని జూడు.”

తిన్నాను, తాగాను. మాంసం మాంసంలా ఉంది, వైన్ మిరియంలా, ఎండిన పండులా నోరంతా పరుచుకుంది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పసిపిల్ల తిండి పెద్దమనుషులకు పెడితే నవ్వుతారని అన్నాను. కారం లేనిది నా చేతి కూర అని ఎక్కడా చెప్పొద్దన్నాను.

“నవ్వితే నవ్వనీ అత్తమ్మా. నా నాలుక నాకు అబద్ధం జెప్పది” అంది.

మంగళవారం ఆమె అదే పెట్టింది. ఇదేమిటని షెఫ్ అడిగితే, మా ఇంట్లో కారం వేయకముందు పిల్లలకు తీసి పెట్టే ముక్క అని ఉన్నమాట చెప్పిందట. తోట మనిషి తిని, తాగి, ప్లేటులో మిగిలిన నెయ్యిని బ్రెడ్డు ముక్కతో తుడిచి మరీ తిన్నాడట. సాయంత్రం ఫోన్ మోగింది.

“అత్తమ్మా, ఇగ నేను కొత్తూరు బస్సు ఎక్కేది లేదు.”

నేను వీధిలోకి ఉరికి అందరికీ చెప్పాను. ఆ చెప్పడమే తప్పయింది. ఇప్పుడు మా గల్లీలో సగంమంది ఆ ఆదివారం మేమూ ఉన్నాం, మేమే ఆ ముక్క తినమన్నాం అంటున్నారు. మా కొడుకు క్యాబ్ దోస్తులు కూడా. అందుకే రాసి పెడుతున్నాను. ఆ రోజు అక్కడ ఉన్నది వీళ్ళే: వాసన చూసిన మా కొడుకు, గడప అవతల ఖుబానీ గిన్నెతో పక్కింటామె, రుచి పట్టుకున్న మా కోడలు, కారం వేసిన నేను, ముక్క ఊసిన మా మనవరాలు.